చలిగాలితో దీపాలు వెలిగించిన ఉపాధ్యాయుడు: పౌల్ లా కూర్

చలికాలం అనగానే మీకు ఏవేవి గుర్తుకు వస్తాయి? తెల్లవారుజామున కురిసే మంచు, చలి కాచుకునే నెగళ్ళు, సంక్రాంతికి ముందు వచ్చే భోగి మంటలు. గాలి మాత్రం ఆ జాబితాలో ఉండదు. మన ప్రాంతంలో మనిషిని తోసేసే గాలి వీచేది ఆషాఢంలో, తొలకరి వానలతో పాటు. అందువల్ల చలికాలపు వాతావరణం నుంచి విద్యుచ్ఛక్తిని తయారు చేయవచ్చని ఎవరైనా అంటే మీకు వింతగా తోచవచ్చు. కాని ఉత్తర ఐరోపాలోని డెన్మార్క్ అనే చిన్న దేశంలో వంద సంవత్సరాలకు పూర్వమే ఒక పల్లెటూరి ఉపాధ్యాయుడు ఈ పని చేసి చూపించాడు. ఆయన పేరు పౌల్ లా కూర్. ఈ పాఠంలో మీరు ఆయన జీవితాన్ని గురించి చదువుతారు.

డెన్మార్క్ చలికాలం

ముందుగా ఆ దేశాన్ని కొద్దిగా తెలుసుకోండి. డెన్మార్క్ మూడు వైపుల సముద్రం ఉన్న దేశం. అక్కడ కొండలు లేవనే చెప్పాలి. దేశం మొత్తంలో ఎత్తయిన గుట్ట కూడా 200 మీటర్లకు మించదు. కనుక సముద్రం మీద నుంచి వచ్చే గాలికి అడ్డు లేదు. చలికాలంలో ఉత్తర ధ్రువ ప్రాంతం బాగా చల్లబడిపోతుంది. భూమధ్యరేఖ వైపు మాత్రం వెచ్చగానే ఉంటుంది. ఈ రెండింటి మధ్య తేడా పెరిగేకొద్దీ అట్లాంటిక్ సముద్రం మీద తుఫానులు బలపడతాయి, పడమటి గాలులు జోరందుకుంటాయి. అందుచేత డెన్మార్క్‌లో వేసవి కంటే చలికాలంలోనే గాలి ఎక్కువ.

గాలి వేగం కొంచెం పెరిగినా దానిలోని శక్తి చాలా పెరుగుతుంది. వేగం రెట్టింపయిందనుకోండి. అప్పుడు శక్తి రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. ఎందుకంటే ఒక సెకనులో రెక్కలను దాటిపోయే గాలి పరిమాణం రెట్టింపవుతుంది. ఆ గాలిలో ప్రతి కిలోగ్రాముకు ఉండే శక్తి నాలుగు రెట్లవుతుంది. రెండింటిని గుణించి చూడండి. చల్లని గాలి బరువు కూడా ఎక్కువే. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.16 కిలోగ్రాములు తూగితే, 0 డిగ్రీల వద్ద సుమారు 1.29 కిలోగ్రాములు తూగుతుంది. అంటే అదే వేగంతో వీచినా చలిగాలిలో దాదాపు పదోవంతు శక్తి అదనంగా ఉంటుంది.

ఇక వెలుగు సంగతి. డిసెంబరు నెలలో అక్కడ పగలు సుమారు 7 గంటలే ఉంటుంది. మధ్యాహ్నం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. అటువంటి దేశంలో దీపం లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించండి. 19వ శతాబ్దం చివరికి పట్టణాల్లో విద్యుద్దీపాలు వెలగడం మొదలైంది. వాటికి కావలసిన బొగ్గు డెన్మార్క్‌లో దొరకదు, ఓడల మీద రావాలి. పల్లెలకు మిగిలింది కిరోసిన్ దీపం. అదీ కొనుక్కోవలసిందే. వెలుగు ఎక్కువగా కావలసిన నెలల్లోనే గాలి కూడా ఎక్కువగా వీస్తోంది. ఈ రెండింటిని కలపడం ఎలా? లా కూర్ ముందున్న ప్రశ్న ఇదే.

వాతావరణ శాఖ నుంచి పల్లెటూరి బడికి

పౌల్ లా కూర్ 1846 ఏప్రిల్ 13న ఎబెల్‌టోఫ్ట్ అనే చిన్న పట్టణానికి దగ్గరలోని ఒక వ్యవసాయ క్షేత్రంలో జన్మించాడు. ఆయనకు 18 సంవత్సరాల వయసులో, అంటే 1864లో, డెన్మార్క్ ప్రష్యా, ఆస్ట్రియా దేశాలతో యుద్ధంలో ఓడిపోయింది. దేశం దక్షిణ భాగాన్ని పోగొట్టుకుంది. పోయిన భూమి తిరిగి రాదు, ఉన్న భూమినీ ఉన్న మనుషులనూ బాగు చేసుకోవాలి అనే ఆలోచన ఆ తరం వారిలో బలంగా నాటుకుంది. లా కూర్ చేసిన పనులను ఈ నేపథ్యంలో చూస్తేనే మీకు సరిగా అర్థమవుతాయి.

ఆయన కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం, వాతావరణ శాస్త్రం చదివి 1869లో పట్టా పొందాడు. 1872లో ప్రభుత్వం వాతావరణ సంస్థను స్థాపించినప్పుడు అందులో ఉపాధ్యక్ష స్థాయి ఉద్యోగంలో చేరాడు. అక్కడక్కడా నమోదయిన గాలి, పీడనం, ఉష్ణోగ్రత వివరాలు తంతి ద్వారా రాజధానికి చేరేవి. ఆ రోజుల్లో తంతి తీగ మీద ఒక్కసారి ఒక్క వార్తే పోగలిగేది. ఒకే తీగ మీద అనేక వార్తలను ఒకేసారి పంపవచ్చా అని లా కూర్ ఆలోచించాడు. మీరు భౌతికశాస్త్ర పాఠాల్లో శృతిదండం గురించి చదివి ఉంటారు. వేరువేరు శృతిదండాలు వేరువేరు స్వరాలు పలికినట్లు, ఒక్కొక్క వార్తకు ఒక్కొక్క కంపనాన్ని కేటాయించాడు. శృతిదండం కంపనానికి అనుగుణంగా ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగే చక్రాన్ని కూడా కనిపెట్టాడు. ఈ చక్రాన్ని తరువాత అమెరికాలో డిలానీ అనే ఆవిష్కర్త తన తంతి పద్ధతిలో ఉపయోగించుకున్నాడు. ఈ పనులతో లా కూర్ పేరు విదేశాలకు కూడా పాకింది.

రాజధానిలో ఉద్యోగం, పేరు, ముందు మంచి భవిష్యత్తు. ఇటువంటి స్థితిలో ఉన్న మనిషి 1878లో అన్నీ వదిలి ఆస్కోవ్ అనే పల్లెలోని బడిలో ఉపాధ్యాయుడుగా చేరాడు.

ఆ బడి ఎటువంటిదో తెలుసుకోవడం మీకు ముఖ్యం. డెన్మార్క్‌లో గ్రుండ్‌విగ్ అనే మతాచార్యుడు, కవి, సామాన్య ప్రజల కోసం ఒక కొత్త రకం విద్యాలయాన్ని ఊహించాడు. వీటిని ప్రజా ఉన్నత పాఠశాలలు అంటారు. చిన్నతనంలో బడి మానేసి పొలం పనుల్లో పడిన యువతీ యువకులు ఇక్కడ చేరేవారు. పరీక్షలు లేవు, పట్టాలు లేవు. పొలం పని తక్కువగా ఉండే చలికాలంలో రైతుల కొడుకులు వచ్చి ఆ కొద్ది నెలలు బడిలోనే ఉండి చదువుకునేవారు. ఆడపిల్లలకు వేసవిలో తరగతులు జరిగేవి. పని చేసుకుంటూ చదువుకుంటున్న మీకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించకపోవచ్చు. 1864 యుద్ధంలో ఇటువంటి మొదటి పాఠశాల ఉన్న రెడింగ్ ఊరు శత్రువుల వశమైంది. అప్పుడు ఆ పాఠశాల సరిహద్దుకు ఇవతల ఉన్న ఆస్కోవ్‌కు తరలి వచ్చింది. లా కూర్ చేరినది ఈ బడిలోనే.

ఆయన గణితాన్ని, భౌతికశాస్త్రాన్ని చరిత్రగా చెప్పేవాడు. సూత్రం బల్ల మీద రాసి కంఠస్థం చేయించలేదు. ఆ సూత్రం ఎవరికి, ఏ అవసరం వల్ల తట్టింది, ఎక్కడ పొరబడ్డారు, ఎలా సరిదిద్దుకున్నారు అని వరుసగా చెప్పేవాడు. ఈ పద్ధతిలో గణితం మీద, తరువాత తన సహచరుడు యాకోబ్ ఆపెల్‌తో కలిసి భౌతికశాస్త్రం మీద పుస్తకాలు రాశాడు. వయసు వచ్చిన తరువాత చదువుకునే వారికి ఇంతకంటే మంచి పద్ధతి లేదని ఈ పాఠం రాస్తున్నవారి అభిప్రాయం.

గాలిని నిలవ చేయడం

గాలిమర అనేది డెన్మార్క్‌కు కొత్త కాదు. ధాన్యం పిండి చేయడానికి శతాబ్దాలుగా అక్కడ గాలిమరలు తిరుగుతున్నాయి. గాలిమరకు డైనమో తగిలించి విద్యుచ్ఛక్తి తీయడంలో కూడా లా కూర్ మొదటివాడు కాదు. 1887లో స్కాట్లాండ్‌లో జేమ్స్ బ్లైత్ అనే ఆచార్యుడు తన ఇంటిని ఇలా వెలిగించుకున్నాడు. మిగిలిన విద్యుత్తును ఊరి వీధికి ఇస్తానంటే ఊరివారు అది దయ్యపు పని అని వద్దన్నారట! ఆ మరుసటి చలికాలంలో అమెరికాలో చార్లెస్ బ్రష్ అనే ధనిక పరిశ్రమాధిపతి 144 రెక్కల పెద్ద యంత్రాన్ని తన భవనం వెనుక కట్టించుకున్నాడు. ఈ ఇద్దరూ వెలిగించుకున్నది తమ ఇళ్ళను. లా కూర్ కోరినది పల్లెలన్నిటికీ వెలుగు. పట్టణాలకు మాత్రమే యంత్రశక్తి అందితే పల్లె యువత పట్టణాలకు వలస పోతుందని, పల్లెలు ఖాళీ అవుతాయని ఆయన ఆందోళన.

ప్రభుత్వం ఇచ్చిన ధనసహాయంతో 1891లో ఆస్కోవ్‌లో ప్రయోగాల కోసం ఒక గాలిమరను నిర్మించాడు. చూడటానికి అది నాలుగు రెక్కల మామూలు పిండిమరలాగే ఉంటుంది. లోపల మాత్రం తిరగలికి బదులు డైనమోలు ఉన్నాయి.

వెంటనే రెండు చిక్కులు ఎదురయ్యాయి. మొదటిది, గాలి నిలకడగా వీచదు. ఒక నిమిషం విసురుగా వస్తుంది, మరు నిమిషం తగ్గుతుంది. పిండిమరకు దానివల్ల పెద్ద నష్టం లేదు. కాని డైనమో నిలకడగా తిరగాలి. ఇందుకోసం లా కూర్ బరువులు, గిలకలు, తోలు పట్టాలతో ఒక సాధనం తయారు చేశాడు. గాలి ఎంత విసురుగా వచ్చినా డైనమోకు చేరే బలం ఒక హద్దు దాటదు. మొదట చేసిన సాధనం సంక్లిష్టంగా ఉండేది. తరువాత దానిని ఎంతగానో సులభం చేశాడు. పల్లె కమ్మరి కూడా అర్థం చేసుకుని బాగు చేయగలిగేదే పల్లెలో నిలుస్తుంది కదా!

రెండవ చిక్కు అంత తేలికగా తీరేది కాదు. గాలి అసలు వీచని రోజున ఏం చేయాలి? చలికాలంలో గాలులు ఎక్కువే అయినా, మధ్య మధ్య ఆకు కదలని రోజులు వస్తాయి. చీకటి మాత్రం ఏ రోజూ రాక మానదు. విద్యుత్తును నిలవ చేసే సీసపు బ్యాటరీలు అప్పట్లో చాలా ఖరీదు. లా కూర్ మరొక దారి పట్టాడు. నీటిలోకి విద్యుత్తును పంపితే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ అనే రెండు వాయువులుగా విడిపోతుందని మీకు తెలుసు. దీనినే విద్యుద్విశ్లేషణ అంటారు. గాలి వీచినప్పుడు వచ్చిన విద్యుత్తుతో నీటిని విడగొట్టి, ఆ వాయువులను ట్యాంకులలో నింపి, కావలసినప్పుడు మండించుకుంటే? అంటే గాలిని వాయువు రూపంలో దాచుకోవడమన్న మాట. ఇటలీకి చెందిన పొంపియో గరూటి రూపొందించిన విద్యుద్విశ్లేషణ పద్ధతిని ఆయన ఇందుకు వాడుకున్నాడు.

1895 నుంచి 1902 వరకు ఆస్కోవ్ పాఠశాలలో దీపాలు ఈ విధంగానే వెలిగాయి. హైడ్రోజన్ ట్యాంకు 12 ఘనపు మీటర్లది, అంటే 12,000 లీటర్లది. మన ఊళ్ళకు నీళ్ళు తెచ్చే పెద్ద ట్యాంకరు లారీ అంత ఉంటుందని అనుకోండి. గొట్టాల ద్వారా వచ్చిన వాయువుల మంటలో, ఎంత వేడికీ కరగని ఒక పదార్థపు ముక్క కాగి తెల్లటి వెలుగు ఇచ్చేది. ఆ వెలుగులో రైతుబిడ్డలు చలికాలపు రాత్రులు పాఠాలు చదువుకున్నారు.

ఇందులో ప్రమాదం లేకపోలేదు. హైడ్రోజన్‌లో కొంచెం ఆక్సిజన్ కలిసినా, నిప్పు తగిలితే పేలుతుంది. అలా పేలుళ్ళు జరిగి బడి కిటికీల అద్దాలు ఒకటి కంటే ఎక్కువ సార్లు పగిలాయి. హైడ్రోజన్‌తో ఇంజను నడపాలని కూడా లా కూర్ ప్రయత్నించాడు, కాని అది సఫలం కాలేదు. పొలంలో నీరు తోడటానికి, ధాన్యం నూర్చడానికి మోటారు కావాలి. మోటారుకు విద్యుత్తే కావాలి. చివరకు ఆయన హైడ్రోజన్ దీపాలను పక్కన పెట్టి బ్యాటరీల వైపు, విద్యుద్దీపాల వైపు మళ్ళాడు. ఏడేళ్ళు శ్రమించి నడిపిన పద్ధతిని, అంతకంటే ఉపయోగకరమైనది దొరికినప్పుడు వదులుకోవడం ఎవరికైనా కష్టమే.

రెక్కలు ఎన్ని ఉండాలి?

మీరు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. గాలి నుంచి ఎక్కువ శక్తి రాబట్టాలంటే గాలిమరకు ఎక్కువ రెక్కలు ఉండాలా, తక్కువ ఉండాలా? ఎక్కువ ఉండాలనే చాలామంది చెబుతారు. బ్రష్ కూడా అలాగే అనుకుని 144 రెక్కలు పెట్టించాడు.

లా కూర్ ఊహించి ఊరుకోలేదు. 1896లో రేకు గొట్టాలను తయారు చేయించి, ఒక వైపు నుంచి పంఖాతో గాలి ఊది, లోపల చిన్న చిన్న నమూనా రెక్కలను పెట్టి కొలిచాడు. ఇటువంటి గాలి సొరంగాలలో గాలిమర రెక్కలను పరీక్షించిన తొలి వారిలో ఆయన ఒకడు. విమానం ఎగరడానికి ఇంకా ఏడు సంవత్సరాలు ఉన్న కాలమది. ఆ కొలతల్లో తేలినది ఏమిటంటే, విద్యుత్తు కోసం తక్కువ రెక్కలుండి వేగంగా తిరిగే మరే మేలు. రెక్కలు మరీ ఎక్కువైతే ఒకదాని గాలిని మరొకటి చెడగొడతాయి, మర నెమ్మదిగా తిరుగుతుంది. డైనమోకు కావలసినది వేగం. నేడు మీరు చూసే గాలిమరలకు మూడే రెక్కలు ఎందుకున్నాయో దీనిని బట్టి కొంతవరకు ఊహించవచ్చు.

1897లో ఇంతకంటే పెద్దదైన రెండవ గాలిమరను కట్టాడు. తన ప్రయోగాల ఫలితాలను 1900లోను, 1903లోను పుస్తకాలుగా అచ్చు వేయించాడు. చదవగలిగిన ఎవరైనా ఆ కొలతలు చూసి తమ ఊళ్ళో గాలిమర కట్టుకోవచ్చు.

పల్లెలకు వెలుగు

ప్రయోగాలు ముగిశాక ఆస్కోవ్ గాలిమర ఆ ఊరికే విద్యుత్ కేంద్రమైంది. గాలి ఉన్నప్పుడు బ్యాటరీలు నిండుతాయి. గాలి లేని రోజులు వరుసగా వస్తే ఆదుకోవడానికి ఒక చిన్న ఇంజను ఉంటుంది. మిగిలిన పల్లెలు కూడా ఈ నమూనాను అనుసరించడానికి 1903లో డేనిష్ పవన విద్యుత్ సంఘం ఏర్పడింది. ఊరివారు కలిసి కేంద్రం పెట్టుకోవాలనుకుంటే ఈ సంఘం సలహా ఇచ్చేది.

అయితే యంత్రం వచ్చినంత మాత్రాన సరిపోదు. తీగ తెగితే కలిపేదెవరు? బ్యాటరీలో ఆమ్లం తగ్గితే చూసేదెవరు? ప్రతిసారీ పట్టణం నుంచి మనిషి రావాలంటే ఆ దీపం ఎన్నాళ్ళు వెలుగుతుంది? అందుకే 1904లో ఆస్కోవ్‌లో గ్రామీణ విద్యుత్ పనివారికి శిక్షణ ప్రారంభించారు. పల్లెల నుంచి వచ్చిన యువకులు సిద్ధాంతం, చేతిపని రెండూ నేర్చుకుని తమ ఊళ్ళకు తిరిగి వెళ్ళేవారు. లా కూర్ గాలి సొరంగాలనే అందరూ మెచ్చుకుంటారు. ఆయన పనుల్లో ఎక్కువ కాలం నిలిచినది మాత్రం ఈ శిక్షణ అని చెప్పడానికి ఆధారం కింద చూస్తారు.

లా కూర్ 1908 ఏప్రిల్ 24న, తన 62వ ఏట ఆస్కోవ్‌లో మరణించాడు.

ఆయన తరువాత

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, అంటే 1914 నుంచి 1918 వరకు, డెన్మార్క్‌కు బొగ్గు, చమురు సరిగా అందలేదు. అప్పుడు పల్లెల్లోని గాలిమరలు ఆదుకున్నాయి. యుద్ధం ముగిసి చమురు చౌక అయ్యాక, పెద్ద విద్యుత్ కేంద్రాల తీగలు పల్లెలకు చేరాక, వాటిని పట్టించుకునేవారు తగ్గిపోయారు. 1897 నాటి ఆస్కోవ్ గాలిమర 1929లో అగ్నికి ఆహుతైంది.

1904లో శిక్షణకు వచ్చినవారిలో యోహానెస్ యూల్ అనే కుర్రవాడు ఉన్నాడు. అప్పటికి అతనికి 17 ఏళ్ళు. విద్యుత్ సంస్థలో పని చేసి, వయసు మళ్ళిన తరువాత అతడు మళ్ళీ గాలిమరల వైపు తిరిగాడు. 1957లో గెజర్ అనే సముద్రతీర గ్రామంలో మూడు రెక్కల, 200 కిలోవాట్ల యంత్రాన్ని నిలబెట్టాడు. అది పదేళ్ళ పాటు పెద్ద మరమ్మతులు లేకుండా పని చేసింది. చమురు ముందు నిలవలేక 1967లో ఆగిపోయింది. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. అప్పుడు అమెరికా, డెన్మార్క్ శాస్త్రజ్ఞులు ఆ పాత యంత్రాన్నే వెతుక్కుంటూ వచ్చి, తిరిగి నడిపించి కొలతలు తీసుకున్నారు. ఆ తరువాత వచ్చిన డేనిష్ టర్బైన్లకు అదే మాతృక. 2020ల నాటికి డెన్మార్క్ వాడుకునే విద్యుత్తులో దాదాపు సగం గాలి నుంచే వస్తున్నది.

ఆ గాలి మన దేశం దాకా వచ్చింది. 1980ల చివర తమిళనాడులోని ముప్పందల్, కయత్తార్‌లలో, గుజరాత్‌లోని లాంబాలో డెన్మార్క్ ప్రభుత్వ సహాయంతో గాలిమరల క్షేత్రాలు వెలిశాయి. మన అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద 1990లలో గాలిమరలు తిరగడం మొదలైంది. రామగిరి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడ గాలి ఎక్కువగా వీచేది నైరుతి ఋతుపవనాల నెలల్లో. చలికాలంలో తగ్గిపోతుంది. డెన్మార్క్ లెక్క ఇక్కడ తిరగబడుతుంది. గాలి తగ్గిన నెలల్లో ఏం చేయాలి అన్న లా కూర్ ప్రశ్న మాత్రం మనకూ ఉంది. గాలి నుంచి, ఎండ నుంచి వచ్చే విద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తయారు చేయడానికి భారత ప్రభుత్వం 2023 జనవరిలో ఒక జాతీయ కార్యక్రమాన్ని ఆమోదించింది. ఆస్కోవ్ బడి దీపాలు వెలిగింది ఆ వాయువుతోనే.

చేసి చూడండి: మీ ఊళ్ళో ఏ నెలల్లో గాలి ఎక్కువగా వీస్తుందో, ఏ నెలల్లో ఆకు కదలదో పెద్దవారిని అడిగి రాసుకోండి. మీ ఇంట్లో విద్యుత్తు ఎక్కువగా కావలసిన నెలలు ఏవో పక్కనే రాసి, రెండింటిని పోల్చండి.